వారం దాకా పెన్సిల్

ఈ జూన్‌లో మా దుకాణం పన్ను రిటర్నులు చూసే ఆఫీసు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "ఆంటీ, బ్యాంకు స్టేట్‌మెంటు వాట్సాప్‌లో పెట్టండి. అంతే, ఇంకేం వద్దు" అంది. ఇంకేం వద్దా అని మళ్లీ అడిగాను. "వద్దాంటీ, అన్నీ అందులోనే వచ్చేస్తాయి" అంది. మంచి పిల్ల, పనిమంతురాలు. ఆమె తప్పేం లేదు. అయినా ఫోన్ పెట్టేసి చాలాసేపు గల్లా పెట్టె ముందు అట్లాగే కూర్చుండిపోయాను.

అన్నీ అందులోనే వస్తాయట. ఈ యేడు వానలకు మగ్గం గుంతల్లోకి నీళ్లొచ్చి పది రోజులు పని ఆగింది. ముప్పై ఏళ్లుగా మాకు నేసిన పెద్దాయన కంటిచూపు తగ్గి మగ్గం దిగిపోయాడు. ఆయన దిగిపోయిన రోజున మేమిద్దరం ఏం మాట్లాడుకోవాలో తెలియక అరగంట సేపు వానల గురించి మాట్లాడుకున్నాం. నేను దుకాణం మెట్ల మీద జారి, నెల రోజులు కుర్చీలో కూర్చునే చీరలు చూపించాను. ఇవన్నీ ఏ స్టేట్‌మెంటులో వస్తాయో నాకైతే తెలియదు.

ఇవన్నీ అడిగే మనిషి ఒకాయన ఉండేవారు.

అందరూ ఆయన్ను వకీల్ సాబ్ అనేవారు. నిజానికి వకీలు కాదు. వనపర్తిలో పన్నుల కేసులు చూసే ఒక వకీలు దగ్గర ఏళ్ల తరబడి గుమాస్తాగా చేసి, ఆ వకీలు పోయాక అదే పని సొంతంగా చేసుకున్నారు. సోమవారం గద్వాల, గురువారం నాగర్‌కర్నూలు, మిగతా రోజులు వనపర్తి. శుక్రవారం ఎవరికీ దొరకరు. ఈ మూడు ఊళ్లు దాటి నాలుగో ఊరి పని పట్టేవారు కాదు. ఒక నూనె మిల్లు వాళ్లు దూరం నుంచి కారు పంపిస్తామన్నా పోలేదు. "సాయంత్రం బస్సుకు ఇల్లు చేరాలె బిడ్డా. ఇంటామె రొట్టెలు చేసుకొని కూసుంటది. నేను పోకుంటే ముద్ద ముట్టదు" అన్నారు. ఆ మాట పట్టుకుని మా బజారు ఆయన్ను ఎన్నాళ్లు ఆటపట్టించిందో! ఎండ కొంచెం వాలితే చాలు, "సాబ్, రొట్టెల టైమైంది" అనేవారు.

మాది గద్వాలలో చీరల దుకాణం. ముందర అమ్మకం, వెనక వాడలో మా కింద పన్నెండు మగ్గాలు. గిరాకీలు కూర్చునే తెల్ల పరుపు మీద సాబ్ ఒక్కనాడూ కూర్చోలేదు. నేతవాళ్లు కూర్చునే చెక్కబల్ల మీదే కూర్చునేవారు. గొడుగు గోడకు ఆనించి, గోధుమరంగు గుడ్డసంచిలోంచి పెన్సిల్ తీసి, సగం బ్లేడుతో చెక్కేవారు. ఆ పొట్టు రవ్వంత కూడా కింద పడేది కాదు. చిన్న కాగితంలో పొట్లం కట్టి జేబులో వేసుకునేవారు. "మీ దుకాణంల నా చెత్త ఎందుకు?" అనేవారు. ఆ పొట్లాలు ఇంటికి తీసుకుపోయి ఏం చేసేవారో అడగాలని ఎప్పుడూ అనుకునేదాన్ని, ఎప్పుడూ మరిచిపోయేదాన్ని.

పెన్సిల్ చెక్కడం అయ్యాక ఒకటే ప్రశ్న.

"ఊఁ. యేడాది చెప్పు బిడ్డా."

బిల్లులు, పుస్తకాలు తర్వాత. ముందు యేడాది. "ఉగాది నుంచి అందుకో. సర్కారు యేడు, మన యేడు దగ్గరదగ్గర్ల మొదలైతయి. వాళ్లకు మనకు కుదిరింది అదొక్కటే" అని తన మాటకు తనే నవ్వేవారు. మేం చెప్పుకుంటూ పోవాలి. శ్రావణంలో గోడ కూలింది సాబ్, అంటే పెన్సిల్ ఆగేది. "గోడ దుకాణానిదా, ఇంటిదా?" రెండింటికీ ఒకటే గోడ కదా సాబ్, అంటే కాసేపు ఆలోచించి, "అయితే సగం గోడ రాస్త" అనేవారు. పీర్ల పండుగకు మగ్గాల వాళ్లకు బట్టలు పెట్టామంటే మొహం వెలిగిపోయేది. "గిది చెప్పవేంది ముందుగాల! పనోళ్లకు పెట్టింది మినహా అయితది." పన్ను వేసే ముందు లెక్కలోంచి తీసేసే ఖర్చును ఆయన మినహా అనేవారు. పిల్లల బడి ఫీజు, బీమా, మగ్గం రిపేరు, కరెంటు లేనప్పుడు కాల్చిన కిరోసిన్, ఏది మినహా అవుతుందో ఏది కాదో మాకేం తెలుసు? మా బోటి చిన్న దుకాణాల్లో ఇల్లూ వ్యాపారమూ ఒకే కుండలో ఉడుకుతాయి. ఆయన ఓపిగ్గా కూర్చుని గింజ గింజా వేరు చేసేవారు.

దాంతో ఒకటి జరిగింది. ఈ మూడు ఊళ్లలో ఎవరింట్లో ఏ నెల ఏం జరిగిందో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో అనేవారు కాదు.

ఆయన పద్ధతి ఇంకొకటి ఉంది. మొదటి సోమవారం మేం ఏం చెప్పినా పెన్సిల్‌తోనే రాసేవారు. వచ్చే సోమవారం మళ్లీ వచ్చి, ఒక్కొక్కటే చదివి వినిపించి, అప్పుడు దాని మీద పెన్నుతో దిద్దేవారు. "వారం దాకా పెన్సిలే. నాకు మతిమరుపు బిడ్డా, నువ్వు చెప్పింది సరిగ్గ విన్ననో లేదో! మళ్లొక్కసారి అడుగుత, జర ఓపిక పట్టు" అనేవారు. మతిమరుపు ఆయన దరిదాపుల్లో కూడా లేదు. మేం మూడేళ్ల కింద కొన్న తక్కెడ ఖరీదు పైసలతో సహా చెప్పేవారు. ఆ వారం మా కోసం. సోమవారం నాడు గొప్పగా కోసిన కోతలు మంగళవారానికి గొంతులో అడ్డం పడేవి. శనివారానికి నిద్ర పట్టేది కాదు. మళ్లీ సోమవారం ఆయన చదువుతుంటే, "అది కొట్టేయండి సాబ్" అని మాకు మేమే అనేవాళ్లం. ఆయన రబ్బరుతో తుడిచి, ఆ రజను కూడా పొట్లంలో వేసుకునేవారు.

వనపర్తి పోయి సాబ్‌కు లెక్కలు చూపించే శ్రీరంగాపూర్ హోటలాయన సంగతి మా దుకాణంలోనే జరిగింది. ఏదో పని మీద గద్వాల వచ్చి, సాబ్ ఇక్కడున్నారని తెలిసి వచ్చి కూర్చున్నాడు. చాయ్ హోటలు, సొంత బర్రె. "సాబ్, మిషిన్లు అరిగిపోతయని యేడాదికింత తీసేస్తరంట గద. నా బర్రె గూడ మిషినే. దాని పాలతోనే హోటల్ నడుస్తుంది. అది గూడ అరుగుతుంది" అన్నాడు. మేమంతా పగలబడి నవ్వాం. సాబ్ నవ్వలేదు. పెన్సిల్ చెవి మీద పెట్టుకుని చెప్పారు. "అడిగింది న్యాయమే. కాని బర్రె బతికున్నన్ని రోజులు సర్కారు ఏమియ్యదు. సచ్చినంక, దాని ఖరీదు మినహా ఇస్తది."

హోటలాయన మొహం ఒక్కసారిగా మారిపోయింది. "అయితే వద్దు సాబ్. నా బర్రెను బతకనియ్యుండ్రి" అని లేచి చేతులు జోడించాడు. ఎవరో దాన్ని చంపేస్తామన్నట్టే కంగారుపడ్డాడు. అప్పుడు నవ్వారు సాబ్, కళ్లలో నీళ్లొచ్చేదాకా.

ఇక నా సంగతి.

వ్యాట్ కొత్తగా వచ్చి బజారంతా తికమక పడుతున్న రోజులు. మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని కర్నూలు దవాఖానలో చెప్పారు. తిరుగు బస్సులో మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఒట్టు వేయించుకున్నాడు. "ఎవ్వలకు చెప్పకు. నేను ఉండనని తెలిస్తే పట్టు ఇచ్చే సేటు సరుకు ఆపుతడు. మగ్గాలోళ్లు వేరే ఆసామి కాడికి పోతరు. ఒక్కదానివి ఏం చేస్తవ్?" అన్నాడు. అందులో అబద్ధం లేదు. మా వ్యాపారమంతా ఆ సేటు నమ్మకం మీద, ఆ పన్నెండు మగ్గాల మీద నిలబడి ఉంది. అందుకని మా అక్కకు చెప్పలేదు. హైదరాబాదులో చదువుకునే కూతురికి చెప్పలేదు. నెలకు రెండుసార్లు ఇద్దరూ ఎక్కడికి పోతున్నారని బజారు అడిగితే, ఒకటే మాట చెప్పాను. "కర్నూల్ల కొత్త గిరాకి దొరికిండు." యేడాది పాటు అదే చెప్పాను. చెప్పీ చెప్పీ, ఆ గిరాకీకి ఒక మొహం, ఒక మీసం కూడా వచ్చేశాయి నా మనసులో.

ఆ జూన్ సోమవారం సాబ్ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. మా ఆయన లోపల పడుకుని ఉన్నాడు, జ్వరమని చెప్పాను. యేడాది చెప్పమన్నారు. చెప్పాను. "కర్నూలు ప్రయాణాలు ఇరవై సాబ్. కొత్త గిరాకి కోసం. బస్సు, బస, తిండి, అన్నీ రాయండి" అన్నాను. దుడ్లకు అంత కటకటగా ఉంది మరి. తల ఎత్తకుండా రాసుకున్నారు, పెన్సిల్‌తో.

ఆ వారం నేనెట్లా గడిపానో నాకే తెలుసు. పట్టుబడతానన్న భయం కాదు. ఆ ఇరవై ప్రయాణాల్లో ఒక్కొక్కటీ నాకు గుర్తుంది. బస్సు కిటికీకి తల ఆనించిన మా ఆయన, ఆ సూదులు, ఆ ఫినాయిల్ వాసన. వాటిని వ్యాపారం కింద రాయించాను. మా ఆయన పడుతున్న బాధను సరుకు కింద అమ్మినట్టు అనిపించింది.

మళ్లీ సోమవారం వచ్చారు. చదువుతూ చదువుతూ ఆ వరుస దగ్గర ఆగారు. అమ్మకం బిల్లుల పుస్తకం ఆయన మోకాలి మీదే ఉంది. అందులో కర్నూలు పేరుతో ఒక్క బిల్లు లేదు. ఆ మాట అనలేదు.

"ఇది పెన్నుతోటి రాయమంటవా బిడ్డా?"

"రాయండి సాబ్."

పెన్ను మూత పెట్టేశారు. "ఉత్తగ ఒక ముచ్చట చెప్త విను. ఇంట్ల ఎవలికన్న పెద్ద రోగమొస్తే, కిడ్నీలు గిట్ల, క్యాన్సర్ గిట్ల, ఆ ఖర్చు మినహా అయితది. సర్కారు దవాఖానల పెద్ద డాక్టరు సంతకం చేసిన కాయితం ఒకటి ఉండాలె. చానమందికి తెల్వదు. నీకు ఎరికైనోళ్లు ఎవలన్న ఉంటే చెప్పు" అన్నారు. నింపని ఆ కాగితం ఒకటి అప్పటికే సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టారు. "నేను జర చాయ్ తాగొస్త" అని గొడుగు తీసుకుని బయటికి పోయారు.

మా దుకాణంలో చాయ్ లేకనా పోయింది? నన్ను ఒంటరిగా వదలడానికి పోయారు. మా ఆయన కాళ్ల వాపు సాబ్ ఎప్పుడు చూశారో, ఎంతకాలంగా తెలుసో! ఆ కాగితం మీద రోగి పేరు రాసే ఖాళీ ఉంది. దాన్ని చూస్తూ కూర్చుని కొంగు తడిసేదాకా ఏడ్చాను.

ఆయన వచ్చాక అన్నాను. "మా ఇంటాయనకే సాబ్."

యేడాదిలో మొదటిసారి ఆ మాట నా నోటి నుంచి బయటికి వచ్చింది. సాబ్ అయ్యో అనలేదు, ధైర్యంగా ఉండమనలేదు. బల్ల మీద కూర్చుని, రబ్బరుతో ఆ ఇరవై ప్రయాణాలూ మెల్లగా తుడిచేశారు. "యేడాది మళ్ల మొదటి సంది చెప్పు" అన్నారు. చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. రొట్టెల బస్సు వెళ్లిపోయింది, ఆయన కదలలేదు. చివర్లో నేను, "సేటుకు తెలుస్తదా సాబ్?" అని అడిగితే, "ఈ కాయితం నా సంచిలకెల్లి సీదా ఆఫీసుకు పోతది. నడుమ ఏ దుకాణం కాడ ఆగదు" అన్నారు.

ఆ యేడే ఆయన ఇంకో పని చేశారు. మా ఆయన్ను కూర్చోబెట్టి, దుకాణంలో నన్ను భాగస్వామిని చేస్తూ కాగితం రాయించారు. "నువ్వు రోజుకు ఎన్ని గంటలు కూసుంటవ్ ఈడ?" అని నన్ను అడిగారు. ఊరికే కూర్చుంటాను సాబ్, అన్నాను. "ఊరికె కాదు. పని చేసే భాగస్వామికి జీతం రాయొచ్చు, అది మినహా అయితది" అని నా పేరు పక్కన జీతం రాశారు. పద్దెనిమిదేళ్లుగా ఆ గల్లా ముందు కూర్చున్నాను. దాన్ని పని అన్న మొదటి మనిషి ఆయన. రెండేళ్లకు మా ఆయన పోయినప్పుడు, బ్యాంకులో గానీ పన్నుల ఆఫీసులో గానీ నేను కొత్త మనిషిని కాదు. నా సంతకం వాళ్లకు అలవాటైపోయింది. సేటు సరుకు ఆపలేదు. పన్నెండులో పది మగ్గాలు నిలిచాయి.

మా ఆయన పోయిన యేడు సాబ్ వచ్చి యేడాది చెప్పమన్నారు. "ఏముంది సాబ్, ఆయన పోయిండు. అంతే" అన్నాను. ఆయన రాయలేదు. పెన్సిల్ చెక్కుతూ కూర్చున్నారు. సగం పెన్సిల్ అయిపోయేదాకా చెక్కి, పొట్లం కట్టుకుని వెళ్లిపోయారు. వారం తర్వాత వచ్చి మళ్లీ అడిగారు. అప్పుడు అంతా చెప్పాను.

ఎప్పుడైనా నేను, "మీ యేడాది చెప్పండి సాబ్, ఎప్పుడూ మాదేనా?" అంటే చేతులు ఊపేసేవారు. "నాదేముంది? మీ మూడూర్ల యేళ్లన్నీ నాయే" అనేవారు.

ఇక్కడి నుంచి చెప్పడం నాకు కష్టం. ఒక సోమవారం మధ్యాహ్నం చీరల పార్సిల్ వేయడానికి గద్వాల బస్టాండుకు పోయాను. సాబ్ కర్నూలు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నారు. సంచి, గొడుగు, చేతిలో స్టీలు డబ్బా. లాల్చీ ఆయనకు రెండింతలైనట్టు వేలాడుతోంది.

"ఎక్కడికి సాబ్?" అన్నాను.

ఆయన తిరిగి నన్ను చూసి నవ్వారు. "కర్నూల్ల కొత్త గిరాకి దొరికిండు బిడ్డా."

"మంచిది సాబ్, పోయి రండి" అన్నాను. పార్సిల్ ఆఫీసు మూసేస్తారని తొందర. చెయ్యి ఊపి వచ్చేశాను.

మూడు ఊళ్లు దాటని మనిషి. సాయంత్రం రొట్టెల కోసం కార్లు వద్దన్న మనిషి. ఆ మాట నాది, అక్షరం పొల్లు పోకుండా నాదే. ఆ అబద్ధం అర్థమయ్యే మనిషి లోకంలో నేనొక్కదాన్నే. నాకు చెప్పాలనే ఆ మాట ఎంచుకున్నారేమో, లేక చటుక్కున అదే నోటికి వచ్చిందేమో. అది తేల్చి చెప్పేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. తర్వాత సోమవారాల్లో ఆయన దుకాణానికి వచ్చారు, బల్ల మీద కూర్చున్నారు, చాయ్ సగం తాగి వదిలేశారు. నేను పండుగ గిరాకీలో ఉన్నాను. మళ్లీ అడగలేదు.

చలికాలం ముగిసేలోపు పోయారని తెలిసింది. వనపర్తికి వెళ్లాను. ఆ ఇంటికి పోవడం అదే మొదటిసారి. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"కడుపుల గడ్డ అంట బిడ్డా. ఆరు నెలల సంది ఆయనకు ఎరికేనంట. నాకు చెప్పలే. కర్నూల్ల గిరాకి ఉన్నడు, సోమవారం రాత్రి ఆడనే ఉంట అన్నడు. నేను నమ్మిన. గిరాకి గూడ తింటడని రెండు రొట్టెలు ఎక్కువ కట్టిన ప్రతిసారి. డబ్బ ఖాళీగ తెస్తుండె. గిరాకికి నీ రొట్టె మస్తు నచ్చింది అంటుండె." నా చెయ్యి వదలకుండా అడిగింది. "నీకన్న చెప్పిండా?"

"నాకూ గిరాకి అనే చెప్పిండమ్మా" అన్నాను. లేచి వస్తుంటే పెరట్లో గులాబీ మొక్క కనబడింది. దాని మొదలు దగ్గర పెన్సిల్ పొట్టు, కుప్పలుగా. ఎర్రటి, పసుపుపచ్చని అంచులు ఇంకా మాసిపోలేదు. అందులో మా దుకాణంలో చెక్కినవి ఎన్నో.

ఇప్పుడు నేను ఎవరినైనా ఎట్లున్నవని అడిగితే, వారం ఆగి మళ్లీ అడుగుతాను. మగ్గం మీది ఆడపిల్ల మొహం వాడిపోయి ఉండి "ఏం లేదక్కా" అంటే, సరేనని ఊరుకుని వచ్చే సోమవారం ఆ మాటే అడుగుతాను. ఫోన్లో మా కూతురు "బాగున్నానమ్మా" అంటే వారం తర్వాత మళ్లీ అదే అడుగుతాను. మొన్ననే కదా చెప్పానంటుంది. అమ్మకు మతిమరుపు మొదలైందని అల్లుడితో అంటుండగా విన్నాను. అవును, నాకు మతిమరుపే అని చెప్పి, జర ఓపిక పట్టమంటాను.

అందరినీ రెండుసార్లు అడుగుతున్నాను. సాబ్‌ను మాత్రం ఒక్కసారే అడిగాను.